బావగారి స్కోపు

మా ఫోనుకి జ్ఞాపకశక్తి జాస్తి. మొన్న పొద్దున్న కాఫీ తాగుతూ మోకాళ్లకి వేసుకునే పట్టీల కోసం అందులో వెతుకుతున్నాను. రిటైరై కూర్చున్న లెక్కల మేష్టారికి ఇంతకంటే సాహసాలేం ఉంటాయి చెప్పండి! పట్టీల బొమ్మల మధ్యలో 'మీకు నచ్చవచ్చు' అంటూ నల్లగా నిగనిగలాడే గొట్టం ఒకటి ప్రత్యక్షమైంది. ఎయిర్‌గన్ మీద బిగించుకునే స్కోపు. దాని పక్కన ఇంకోటి, ధర కొట్టేసి తగ్గించి రాసినది మరోటి. మా ఆవిడ వెనకనుంచి తొంగిచూసి, "ఈ వయసులో తుపాకులేంటండీ, ఎవర్ని కాల్చాలనీ?" అంది. నేను తుపాకీ పట్టిందే జన్మలో ఒక్కసారి. నాలుగేళ్ల కిందట ఒక వారంపాటు ఇదే ఫోను ముందేసుకుని స్కోపుల గురించి చదివాను, వీడియోలు చూశాను, పరీక్షకి చదివే పిల్లాడిలా నోట్సు కూడా రాసుకున్నాను. అదంతా మా బావగారి కోసం. ఆ సంగతి ఫోను మర్చిపోలేదు. నేను మర్చిపోదామని చాలానే ప్రయత్నించాను.

బావగారంటే మా అక్కయ్య భర్త. మండపేటకి నాలుగైదు కిలోమీటర్ల అవతల, కాలవ పక్కన ఊళ్లో వాళ్ల ఇల్లు. ఎనిమిదెకరాల వరిచేను, ఒక పాత ట్రాక్టరు, పెరట్లో పనసచెట్టు, వీధి చివరిదాకా వినిపించే గొంతు, ఇవీ ఆయన ఆస్తులు. కూతురు పెళ్లయి తణుకులో ఉంటుంది. ఇంట్లో ఉండేది ఈయనా, అక్కయ్యా. ఆయన ఎలాంటి మనిషంటే, రాజమండ్రిలో మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆటోలో బస్తాడు బియ్యం వేయించుకొస్తాడు. గుమ్మంలో ఆ ఆటో అతనితో పది రూపాయల దగ్గర పావుగంట పోట్లాడతాడు. గెలిచాక లోపలికొచ్చి, "పాపం ఎండనపడి వచ్చాడు, అతనికి కాఫీ ఇవ్వండమ్మా" అంటాడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నన్ను పేరుపెట్టి పిలిచిన గుర్తు నాకు లేదు. ముందు 'ఏమోయ్ బావమరిదీ' అనేవాడు, ఉద్యోగం వచ్చిన మర్నాటి నుంచి 'ఏమోయ్ మేష్టారూ'. అక్కయ్య పెళ్లినాటికి నేను తొమ్మిదో తరగతి. పెళ్లిపీటల మీద కూర్చుని, మంత్రాల మధ్యలో ఆయన నన్నొక వడ్డీలెక్క అడిగాడు, నేను తప్పు చెప్పాను. ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరయినా ఆ వడ్డీలెక్క నన్నింకా వదల్లేదు, కొత్తవాళ్లెవరు కనబడ్డా ఆ కథ చెప్పి నన్ను పరిచయం చేస్తాడు.

ఆ ఇంట్లో దసరాకి ఒక ఆచారం ఉండేది. వాళ్ల తాతగారి రోజుల్లో లైసెన్సు తుపాకీ ఉండేదట. ఆయుధపూజ నాడు పూజయ్యాక పనసకొమ్మకి దారంతో ఒక నిమ్మకాయని వేలాడదీస్తారు. ఇంటి పెద్ద అరుగు మీద నిలబడి దాన్ని కొట్టాలి. కొట్టిన కాయని బండిచక్రం కింద పెట్టి తొక్కించాలి. అప్పుడుగానీ బండి వీధిలోకి కదలకూడదు. తరవాత్తరవాత తుపాకీ పోలీసుస్టేషన్లో అప్పజెప్పేశారు, ఎడ్లబండి పోయి ట్రాక్టరొచ్చింది, ఆచారం మాత్రం అలాగే నిలిచిపోయింది. బావగారు కుర్రతనంలో కొనుక్కున్న ఎయిర్‌గన్ ఒకటుంది. గొట్టం విరిచి, ఒక్కొక్క సీసపు పెల్లెట్ పెట్టి కాల్చే రకం. దాంతోనే నడిపించుకొచ్చాడు. అరుగు నుంచి కొమ్మకి ఇరవై అంగలుంటుంది. ఎన్నేళ్లొచ్చినా తనకి రెండో పెల్లెట్ అవసరం పడలేదని ఆయన గొప్ప. నేను చాలా దసరాలు చూశాను, ఆ గొప్ప అబద్ధం కాదు. ఆయన కొట్టగానే ఇరుగుపొరుగు చప్పట్లు కొట్టేవాళ్లు, అక్కయ్య మాత్రం 'ఆఁ, నిమ్మకాయేగా, ఏ పులినో కొట్టినట్టు' అంటూ నవ్వు దాచుకుంటూ లోపలికి పోయేది.

స్కోపు కథ నడిచిన ఏడాదికి ముందటి దసరాకి నేను అక్కడే ఉన్నాను. మొదటి పెల్లెట్ తప్పింది. గాలి అన్నాడు. రెండోది తప్పింది. ఎండ అన్నాడు. ఏడో ఎనిమిదో అయ్యేసరికి కారణాలు అయిపోయి ఊరుకున్నాడు. ట్రాక్టరు డ్రైవరు స్టీరింగు దగ్గర కూర్చుని చేతులు నలుపుకుంటున్నాడు. జనం నేలచూపులు చూస్తున్నారు. ఇంతలో ఒక గాలి విసురుకి దారం తెగిందో, ముడి ఊడిందో, నిమ్మకాయ తనంతట తనే కింద పడింది. అక్కయ్య గభాల్న, "తగిలింది, తగిలింది!" అని చప్పట్లు కొట్టింది. డ్రైవరు అందుకుని, "ఆయ్! తగిలిందండి బాబూ!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. బావగారు తుపాకీ గోడకి ఆనించి లోపలికి వెళ్లిపోయాడు. ఆయన ఆ పూట భోజనం సరిగ్గా చెయ్యలేదు.

మరుసటి ఏడు శ్రావణమాసం మొదట్లో ఫోను చేశాడు. "ఏమోయ్ మేష్టారూ, ఓ పని పడిందయ్యా నీతో. గన్ను మీద పెట్టుకునే దుర్భిణీలుంటాయంట కదా. స్కోపు. చవగ్గా, మన్నికగా ఉండేది ఒకటి చూసిపెట్టు. మీ అక్కకి చెప్పకు." నేను లెక్కల మేష్టారిని, తుపాకులు నాకేం తెలుసండీ బావగారూ అన్నాను. "లెక్కలూ నీకు తెలీవు, అయినా చెప్పలేదేంటి? ఇదీ అంతే" అన్నాడు. ఈ మనిషితో మాట్లాడి గెలవడం నావల్ల కాదు. కళ్ల డాక్టరుకి ఒకసారి చూపించుకోరాదూ అని మెల్లగా అన్నాను. "కళ్లకేం కాలేదు. గన్ను పాతదైపోయింది" అని ఫోను పెట్టేశాడు.

అలా ఫోను పెట్టెయ్యడం ఎందుకో నాకు తెలుసు. వాళ్ల నాన్నగారికి కంట్లో పొరలొస్తే, ఎప్పుడో పాతరోజుల్లో బడిలో పెట్టిన కళ్ల శిబిరంలో ఆపరేషన్ చేశారు. ఎవరి పొరపాటో, ఎవరి దురదృష్టమో, కట్టు విప్పేసరికి ఉన్న చూపు కాస్తా పోయింది. బతికిన పదకొండేళ్లూ ఆయన్ని చెయ్యి పట్టుకుని చేనిగట్టు మీద నడిపించింది బావగారే. ఎండాకాలం ఒకసారి నేనూ వెంట వెళ్లాను. పెద్దాయన గట్టు మీద కూర్చుని, "ఈనిందిరా?" అని అడిగేవారు. చేను ఈనిందా, గింజ పాలు పోసుకుందా, రంగు తిరిగిందా, అన్నీ ఈయన వర్ణించి చెప్పాలి. అందుకే బావగారు పాముకి భయపడడు, వరదకి భయపడడు, కంటి ఆపరేషన్ అనే మాట వింటే మాత్రం లేచి పెరట్లోకి వెళ్లిపోతాడు. అక్కయ్య రెండుమూడుసార్లు ఆ ఊసెత్తి మానేసింది. ఇప్పుడు ఆపరేషన్‌కి బదులు స్కోపు పెట్టుకుందామని చూస్తున్నాడు, అదీ సంగతి. నాకు నవ్వొచ్చింది, జాలేసింది. పోనీలే, ఆయన ముచ్చట తీరుద్దామనుకున్నాను.

చదవడం మొదలుపెడితే అదో లోకం. స్కోపుల్లో నాలుగింతలు పెద్దది చేసి చూపించేవి ఉన్నాయి, తిప్పుకుంటే మూడు నుంచి తొమ్మిదింతల దాకా వెళ్లేవి ఉన్నాయి. ఎక్కువ పెద్దది చేస్తే ఎక్కువ మంచిదనుకున్నాను, కాదట. పెద్దది చేసేకొద్దీ బొమ్మ చీకటి పడుతుంది, చెయ్యి వణుకు కూడా అన్నింతలై కనబడుతుంది. పైగా స్ప్రింగు ఎయిర్‌గన్‌ది వింత నడత. నిజం తుపాకీ కాలిస్తే వెనక్కి ఒక్క తన్నే తంతుంది. ఇది వెనక్కొకటి, ముందుకొకటి తంతుంది. మామూలు స్కోపు దాని మీద పెడితే నాలుగు రోజుల్లో లోపల గురి చూసే గీతలు జారిపోతాయట. ఇంకో తిరకాసు, తుపాకీ స్కోపులు వందగజాల అవతలి వస్తువుకి సరిచేసి ఉంటాయి, ఇరవై అంగల్లో వేలాడే నిమ్మకాయ వాటికి మసకేస్తుంది. ముందువైపు రింగు తిప్పి దగ్గరికి సరిచేసుకునే రకం కావాలి. ఇవన్నీ తెలిశాక నాకు కించిత్తు గర్వం కూడా వచ్చింది.

ట్రాక్టరు సామాను కొనాలని అక్కయ్యతో చెప్పి, ఒక మంగళవారం బావగారు రాజమండ్రి వచ్చాడు. ఇద్దరం కలిసి క్యారంబోర్డులూ బ్యాట్లూ ఎయిర్‌గన్‌లూ అమ్మే ఒక ఆటసామాన్ల షాపుకి వెళ్లాం. షాపాయన నెమ్మదస్తుడు, మాకంటే చిన్నవాడు. మూడు స్కోపులు తీసి గుడ్డ పరిచి పెట్టాడు. ఎదురుగా రోడ్డు అవతల మందుల షాపు బోర్డు కనబడుతోంది. దాన్ని చూసి చెప్పండి అన్నాడు. బావగారు అన్నిటికంటే చవకది అందుకుని, కుడికన్ను ఆనించి, చాలాసేపు చూశాడు.

"మసగ్గా ఉందయ్యా" అన్నాడు.

షాపాయన ముందూ వెనకా అద్దాలు మెత్తటి గుడ్డతో తుడిచిచ్చాడు. మళ్లీ చూశాడు. "అంతే. పొగమంచులో చూస్తున్నట్టుంది." రెండోది ఇచ్చాడు. అదీ మసకే. మూడోది వాటికి రెట్టింపు ధర, పెట్టెలో పట్టుగుడ్డ కూడా వేసుంది. దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్లజోడు తీసి, పెట్టుకుని, రకరకాలుగా చూశాడు. "పేరుకే ఇంత ఖరీదు. ఇదీ దానికి తమ్ముడే" అని బల్ల మీద పెట్టేశాడు.

నేను ఊరికే, ఆయన మొదట పక్కన పెట్టిన చవకది తీసి చూశాను. బోర్డు మీద మందుల షాపు పేరే కాదు, అడుగున చీమల్లా రాసిన ఫోను నంబరు అంకె అంకె కనిపించింది. బోర్డు అంచున ఒక బల్లి ఉంది. దాని తోక కొస తెగిపోయి మళ్లీ మొలుస్తున్నట్టుంది, అది కూడా కనిపించింది. దించి పక్కకి చూస్తే షాపాయన నావంకే చూస్తున్నాడు. ఆయనకి నాకంటే ముందే అర్థమైపోయింది. "సార్, ఈయనకి..." అని ఏదో అనబోయాడు. నేను కళ్లతోనే వద్దన్నాను.

బావగారు నా భుజం మీద చెయ్యేశాడు. "నీకెలా ఉంది మేష్టారూ?" ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. జీవితంలో నన్ను ఏదీ నిజంగా అడగని మనిషి, పెళ్లిపీటల మీంచి పరీక్ష పెట్టిన మనిషి, ఇప్పుడు నా జవాబు కోసం నిలబడ్డాడు. నేను నిజం చెప్పాల్సింది. అక్కడే, ఆ నిమిషంలోనే చెప్పాల్సింది. "నాక్కూడా కాస్త మసగ్గానే ఉందండీ బావగారూ" అన్నాను.

ఆయన మొహం విచ్చుకుంది. "చూశావా! లోపం వస్తువులో ఉంది" అని షాపాయన మీద పడ్డాడు. నేను సంపాదించిన విద్యంతా అప్పుడు ఒలకబోశాను, దూరానికి సరిచేసినవి దగ్గరికి మసకేస్తాయనీ, ముందు రింగున్నది తీసుకుంటే సర్దుకుంటుందనీ. అబద్ధానికి ఆసరాగా ఎన్ని నిజాలు పనికొస్తాయో ఆరోజే తెలిసింది నాకు. మధ్యరకం ధరలో రింగున్నది ఒకటి తేల్చాం. షాపాయన బేరమాడకుండానే తగ్గించి ఇచ్చాడు. వచ్చేస్తూంటే నాతో మాత్రం మెల్లగా, "తొందరగా చూపించండి సార్" అన్నాడు. దసరాకి ఇంకా రెండు నెలలుంది. దసరా కానీ, ఈ ఒక్కసారీ నిమ్మకాయ కొట్టనీ, తరవాత నచ్చజెబుదాం అనుకున్నాను.

ఆ పాత గన్ను మీద స్కోపు బిగించడానికి గాడి లేదు. మండపేటలో రైసుమిల్లు సామాన్లు చేసే లేతుమిషన్ అతను ఒక ఇనపముక్క కోసి, దానికి గాడి తీసి, గొట్టం మీద కూర్చోబెట్టాడు. గురి సరిచేయడానికి మిల్లు వెనక ఊకగుట్టకి అట్టముక్క ఆనించి కాల్చి చూడాలి. బావగారు మొదట కూర్చున్నాడు, ఒక్క పెల్లెట్ కాల్చి, ఎండ కళ్లల్లో పడుతోందని నాకిచ్చాడు. ఎండ మా వీపు మీద ఉంది. నేనేమీ అనలేదు. నా జన్మలో తుపాకీ పట్టింది అప్పుడే. లేతు అతను చెబుతూంటే మరలు అటూ ఇటూ తిప్పుతూ, పదో పెల్లెట్‌కి అట్ట మీద చుక్కలోంచి పోనిచ్చాను. బావగారు ఊకగుట్ట దాకా నడిచివెళ్లి, ఆ చిల్లుని వేలితో తడిమి చూసుకుని, "శభాష్! ఇంక నాదే ఆలస్యం" అన్నాడు. గన్ను లేతుషాపులోనే ఉంచాం, పండగదాకా అక్కయ్య కంటపడకుండా.

దసరా పొద్దున్న నేనూ మా ఆవిడా వెళ్లేసరికి పనసకొమ్మకి నిమ్మకాయ వేలాడుతోంది. ట్రాక్టరుకి మామిడాకులు, బంతిదండలు కట్టారు. అరుగు మీద పీటలేసి పార, కొడవళ్లు, మందుకొట్టే పంపు, లేతుషాపు నుంచి తెప్పించిన గన్ను, దానిమీద తళతళలాడే స్కోపు. అక్కయ్య దాన్ని చూసి కోప్పడుతుందనుకున్నాను. "ఓహో, ఇదా మీ ఇద్దరి ట్రాక్టరు సామానూ" అని నవ్వి ఊరుకుంది. ఆయనకి మళ్లీ హుషారు రావడమే చాలు ఆవిడకి. తరవాత అన్నిటితోపాటే దానికీ పూజ చేసింది. కొత్త వస్తువు కదా, మరీ శ్రద్ధగా చేసింది. చెక్కకి పసుపు రాసింది, గొట్టానికి బొట్లు పెట్టింది. స్కోపు ముందువైపు గుండ్రటి అద్దం కనబడితే, గ్రైండరుకీ ఫ్రిజ్జుకీ పెట్టే అలవాటులో, దానికీ తడిపసుపు నిండుగా పట్టించి మధ్యలో కుంకుమ అద్దేసింది. నేను అప్పుడు లోపల ఉప్మా తింటున్నాను. పూజయిందని పిలిస్తే వచ్చి చూసేసరికి బావగారు గన్ను ఎత్తేశాడు.

అద్దం అంతా పసుపు. అక్కడున్న ఇరవైమందికీ కనబడుతోంది. ఆగండి బావగారూ, తుడుస్తాను, అని నేను నోరు తెరిచేలోపు ఆయన కన్ను ఆనించి గట్టిగా, వీధంతా వినబడేలా, "అబ్బ! ఎంత క్లియరుగా ఉందయ్యా! నిమ్మకాయ మీద మచ్చ కూడా కనబడుతోంది!" అన్నాడు.

ఒక్కళ్లూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదేమో. ట్రాక్టరు డ్రైవరు తలొంచుకున్నాడు. నేను అక్కయ్య వంక చూడలేకపోయాను. ఆవిడ హారతిపళ్లెం కిందపెట్టి, మెట్టు దిగి, గన్నుకి ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఏంటే, అడ్డం రాకు" అన్నాడాయన.

"దించండి" అంది. "అద్దం నిండా పసుపుందండి. నేనే రాశాను."

బావగారు దించాడు. అద్దాన్ని వేలితో రాసుకుని, ఆ వేలిని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. "ఎప్పుడూ ఇలాగే కనబడుతోందే నాకు" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయన దగ్గరుందని మాకెవ్వరికీ తెలీదు. అంతలోనే తేరుకుని, "నా ఒక్కడికే కాదే. మేష్టారికీ మసగ్గానే ఉంది. షాపులో చెప్పాడు, అడుగు" అన్నాడు.

అక్కయ్య నావైపు తిరిగింది. "ఏరా తమ్ముడూ, నీకూ మసగ్గా కనబడిందా?"

అంతమందిలో, పండగపూట, అరుగు మీద నిలబడి చెప్పాను. "లేదక్కయ్యా. అబద్ధం చెప్పాను. నాకు బోర్డు మీద బల్లి తోక కూడా కనిపించింది."

బావగారు నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గన్ను పీట మీద పెట్టి అరుగు అంచున కూలబడ్డాడు. అక్కయ్య పక్కనే కూర్చుని, ఆయన పసుపు వేలిని తన కొంగుతో తుడిచింది. జనం ఉన్నారన్న ధ్యాస కూడా లేదావిడకి. "మావయ్యగారిని మీరు నడిపించారు. ఖర్మ కాలి అలాంటిది వస్తే మిమ్మల్ని నేను నడిపిస్తాను, నాకేం బరువు కాదు. కానీ చూసే దారి ఉండగా చూడకుండా కూర్చుంటానంటే మాత్రం నేనొప్పుకోను. భయమేస్తే నా చెయ్యి పట్టుకోండి" అంది. ఆయన చిన్నపిల్లాడిలా, "నిన్ను లోపలికి రానివ్వరే" అన్నాడు. "రానివ్వకపోతే గుమ్మం దగ్గర కూర్చుంటాను, లేవను" అంది. తరవాత ఆవిడే వెళ్లి కొమ్మకున్న నిమ్మకాయని చేత్తో తెంపి, ట్రాక్టరు చక్రం కింద పెట్టి, "ఎక్కించు బాబూ" అంది. డ్రైవరు ఎక్కించాడు. మూడు తరాల ఆచారం అలా చిటికెలో మారిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు.

పదిరోజుల్లో రాజమండ్రిలో ఆపరేషన్ అయింది. కుడికంట్లో శుక్లం పూర్తిగా ముదిరిపోయిందనీ, ఎడమది సగంలో ఉందనీ డాక్టరు చెప్పాడు. లోపలున్నది అరగంట. ఆ అరగంటా అక్కయ్య గుమ్మం పక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది, మంచినీళ్లిచ్చినా ముట్టలేదు. మర్నాడు కట్టు విప్పారు. బావగారు డాక్టర్ని చూడలేదు, నన్ను చూడలేదు. అక్కయ్యని చూశాడు. చాలాసేపు చూసి, "అదేంటే, నీ ముక్కుపుడక ఎర్రరాయా? తెల్లది కదూ?" అన్నాడు. "తెల్లరాయి ఊడిపోతే మార్చానండి" అంది అక్కయ్య. ఎప్పుడూ అని అడిగాడు. "రెండేళ్లయింది" అంది. ఆయన చెయ్యి చాపి ఆ ముక్కుపుడకని ముట్టుకున్నాడు. నర్సమ్మ చెయ్యి కంటిదగ్గరికి వెళ్లకూడదని మందలించడానికి వచ్చి, ఏమనుకుందో, అనకుండా వెళ్లిపోయింది. నేను వరండాలోకి వచ్చి ముక్కు చీదుకున్నాను.

రెండోకంటికి కూడా ఆ చలికాలంలోనే అయింది. ఆ తరవాత ఆయన చూసిన చూడ్డం ఇంతా అంతా కాదు. పనసాకు మీద ఈనెలు లెక్కపెట్టేవాడు. పేపరు చదివి, ప్రకటనలు చదివి, చివర ప్రెస్సు పేరు కూడా పైకి చదివేవాడు. అక్కయ్య వంటచేస్తుంటే వంటింటి గడప మీద కూర్చునేవాడు. "ఏంటలా చూస్తారు, అవతల చేలో పని లేదూ" అని ఆవిడ విసుక్కునేది, ఆ విసుగులో ఎంత మురిపెం ఉండేదో నాకు తెలుసు. పై ఏడు దసరాకి స్కోపు విప్పి పక్కన పెట్టి, ఉత్తకంటితో ఒకే ఒక్క పెల్లెట్‌కి నిమ్మకాయ కొట్టాడు. దాని తరవాతి దసరాకీ కొట్టాడు. ఆ రెండోదే అక్కయ్య చూసిన ఆఖరి దసరా. కిందటేడు మాఘమాసంలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, విస్తరాకులు కుడుతూ కుడుతూ గోడకి జారగిలబడింది. అంతే. రోగం లేదు, రొష్టు లేదు. ఆవిడ ఎవర్నీ కష్టపెట్టలేదు బతికున్నప్పుడూ, పోయేటప్పుడూ.

ఈ వేసవిలో వెళ్లి నాలుగు రోజులున్నాను. బావగారు నాకోసం ముంజలు కొట్టించాడు, వడ్డీలెక్క కథ పక్కింటి కొత్తకోడలికి చెప్పి నన్ను పరిచయం చేశాడు. గొంతు తగ్గలేదు. చూపూ తగ్గలేదు. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉండగా, ఏ సందర్భమూ లేకుండా, "ఏమోయ్ మేష్టారూ" అన్నాడు. "మీ అక్క రెండేళ్లు నా ఎదురుగానే తిరిగింది కదయ్యా. నేను మసగ్గా చూస్తూ కూర్చున్నాను. ఆ వెధవ భయం లేకుండా ముందే చేయించుకునుంటే, ఆ రెండేళ్లు కూడా దాన్ని చూసేవాణ్ణి." ఏదో ఒకటి అని ఓదార్చాల్సింది నేను. ఆయనే నా వీపు తట్టి, కాఫీ తాగుదాం లే, నేనే కలుపుతాను అని లోపలికి వెళ్లాడు.

ఆయన అనుకున్నట్టు ఆ రెండేళ్లూ పూర్తిగా భయం తీసుకున్నవి కావు. ఆఖరి రెండు నెలలు, షాపులో చెయ్యి భుజం మీద ఉండగా నేనాడిన ఒక్క మాట తీసుకున్నవి. ఈ సంగతి ఆయనతో ఇంతవరకూ అనలేదు, అంటే క్షమించేస్తాడని నాకు తెలుసు, అందుకే అనలేకపోతున్నాను. దసరా దాకా ఆగితే ఏం పోయింది, రెండు నెలలేగా, అనుకున్నాను అప్పుడు. రెండు నెలలంటే, అక్కయ్య అరవై పొద్దులు కాఫీగ్లాసు పట్టుకుని ఆయన ఎదురుగా వచ్చి నిలబడడం.